నొయ్యల్ ఒడ్డున నెలా పదిహేను రోజులు

మా బిడ్డను తిరుప్పూరుకు ఇచ్చి పదిహేనేండ్లు దాటింది. ఇన్నేండ్లలో నేను ఆ ఊరికి పోయింది రెండేసార్లు. మొదటిసారి 2010లో, పెండ్లయిన మరుసటేడు. రెండోసారి మొన్న డిసెంబరులో పోయి సంక్రాంతి అయినంక వచ్చిన. అప్పుడు చూసిన నదికి, ఇప్పుడు చూసిన నదికి నడుమ ఏం జరిగిందో రాద్దామని కూసున్న. నేను చదివింది నాలుగో తరగతి, సోలాపూర్ తెలుగు బడిలో. తప్పులుంటే సంపాదకులు దిద్దుకుంటరు.

ముందు నా సంగతి చెప్పాలె, లేకుంటే మిగతాది అర్థం కాదు. ముప్పై నాలుగేండ్లు నేను రంగుపని చేసిన. మొదట పదకొండేండ్లు గిరణిలో. గిరణి భోంగా ఆగిపోయినంక ఒక సేఠ్ దగ్గర రంగు కార్ఖానాలో. చాదర్లకు, టవాళ్ళకు పోయే చిలప నూలుకు రంగు ఎక్కించుడు నా పని. ఇంటికి పోయి అన్నం ముందర కూసుంటే నా గోళ్ళు చూసి, ఈ వారం ఏ రంగు నడుస్తున్నదో మా ఇంటిది చెప్పేది. ఎంత సబ్బు పెట్టి రుద్దినా గోటి మూలల్లో రంగు ఉండేది. రిటైరైన రెండేండ్లకు గాని పోలేదు.

కుర్లా నుంచి కోయంబత్తూరు పోయే బండి మా ఊరికి పొద్దున వస్తది, మర్నాడు పొద్దున తిరుప్పూరులో దింపుతది. రాయచూరుకు ముందు కృష్ణ, మంత్రాలయం రోడ్డు దగ్గర తుంగభద్ర, ఈరోడు ముందు కావేరి. ఇన్ని నదులు ఒక్క టికెట్‌లో చూడొచ్చు. కృష్ణ వచ్చినప్పుడు బోగీలో ముసలివాళ్ళందరం కిటికీలోంచి రూపాయి బిళ్ళలు వేసి దండం పెట్టినం. కావేరి చీకట్లో వచ్చింది, బ్రిడ్జి చప్పుడు విని లేచి దానికీ ఒకటి వేసిన. నొయ్యల్ తిరుప్పూరు ఊరి నడుమ నుంచే పోతది. దానికి మాత్రం ఎవరూ రూపాయి వేయంగ చూడలేదు.

అది చిన్న నదే. కోయంబత్తూరుకు పడమట వెళ్ళింగిరి కొండల్లో పుడతది, కోయంబత్తూరు, తిరుప్పూరు, ఈరోడు జిల్లాలు దాటి కరూర్ జిల్లాలో నొయ్యల్ అనే పేరున్న ఊరి దగ్గరనే కావేరిలో కలుస్తది. పాత పేరు కాంచిమా నది. వాన ఉన్నప్పుడు పారుతది, లేనప్పుడు ఊళ్ళ మురికినీళ్ళే పారుతయి. కానీ వెనకటి రాజులు దాని మీద అక్కడక్కడ అడ్డుకట్టలు కట్టి, కాల్వలు తీసి, చెరువుకు చెరువు గొలుసు కట్టిండ్రు. ఒకటి నిండితే ఇంకోదానికి. మా తెలంగాణ పెద్దలు గొలుసుకట్టు చెరువులని చెప్పేవాళ్ళు చూడండి, అదే తీరు.

2010లో పోయినప్పుడు అల్లుడు నన్ను బండి మీద కూసోబెట్టుకొని ఊరు చూపించిండు. తిరుప్పూరంటే బనియన్ల ఊరు. మన దేశం నుంచి బయటికి పోయే అల్లిన బట్టల్లో సగం కంటే ఎక్కువ అక్కడివే. గల్లీ గల్లీకి మిషన్ల చప్పుడు. ఒక వంతెన మీద ఆపమన్న. కింద ఒక కాల్వ వచ్చి నదిలో పడుతున్నది. నీలిరంగు కాదు, పచ్చ కాదు, రెండిటి నడుమ. "అల్లుడా, ఇది టర్కాయిస్ కదా" అన్న. "అవు మామా, ఈ వారం ఆ గల్లీలో అదే ఆర్డరు నడుస్తుంది" అన్నడు. ఇద్దరం రంగు పనోళ్ళమే కాబట్టి నవ్వినం. ఒడ్డు మీద నిలబడి నీళ్ళను చూసి రంగు పేరు చెప్పగలిగినందుకు నాకు గొప్పగా కూడా అనిపించింది. అదీ నా సంగతి.

మరుసటేడు జనవరిలో మద్రాసు హైకోర్టు తిరుప్పూరు రంగు యూనిట్లన్నిటినీ మూసెయ్యమన్నది. ఏడు వందలకు పైగా యూనిట్లు. కరెంటు కోసేసిండ్రు. కేసు వేసింది కింద ఉన్న ఆయకట్టు రైతులు. 2006లోనే ఒక్క చుక్క మురికి బయటికి రావద్దని కోర్టు చెప్పింది, వినలేదు. వినంది యజమానులు, ఇంటికి పోయింది పనోళ్ళు. అల్లుడు, కడుపుతో ఉన్న మా బిడ్డ రెండు సంచులు పట్టుకొని సోలాపూర్ వచ్చిండ్రు. ఎనిమిది నెలలు మా రెండు గదుల ఇంట్లో ఉన్నరు. రంగు మాస్టరుగా చేసిన మనిషి పవర్‌లూమ్ మీద రాత్రిపాళి చేసిండు, సగం పగారుకు. మనుమరాలు అప్పుడే మా ఇంట్లో పుట్టింది. ఒకనాడు అల్లుడు అన్నడు, "మామా, నది కోసం కోర్టున్నది. మా కోసం ఏ కోర్టున్నది?" నా దగ్గర జవాబు లేకుండె. ఇప్పటికీ సగమే ఉన్నది.

ఆ మనుమరాలికే ఇప్పుడు పదమూడేండ్లు. ఎనిమిదో తరగతి. బడిలో పర్యావరణ సంఘం పిల్ల. ఆదివారం పొద్దున ఆరింటికి పాత చెప్పులు, టోపీ వేసుకొని నది దగ్గరికి పోతది. వాళ్ళ నాయిన పోవద్దనడు, పొమ్మని కూడా అనడు. ఆ టైముకు రాత్రి డ్యూటీ నుంచి వచ్చి పండుకుంటడు. దిగిన మొదటి ఆదివారమే నేను పిల్లతో పోయిన.

పిల్లలు ఇరవై మంది, పెద్దవాళ్ళు పది పన్నెండు మంది. పెద్దవాళ్ళల్లో టైలర్లు, ఒక మందుల షాపాయన, ఇద్దరు కాలేజీ పిల్లలు. అందరికీ పెద్ద, బనియన్ కంపెనీలో కటింగ్ మాస్టరుగా చేసి రిటైరైన ఒకాయన. నన్ను చూసి తమిళంలో అడిగిండు, మనుమరాలు జవాబు చెప్పింది, వెంటనే తెలుగులోకి దిగిండు. వాళ్ళింట్లో తెలుగే. ఎన్ని తరాల కింద వచ్చిండ్రో ఆయనకే తెల్వదు. ఆయన తెలుగు నాకు తమిళంలాగ, నా తెలుగు ఆయనకు మరాఠీలాగ వినిపించింది. అయినా పది నిమిషాలకు ఒకరికొకరు పట్టుబడ్డం. తెలుగు అక్షరాలు మాత్రం రావు. మన పత్రిక సంచిలో ఉంటే చూపించిన. బొమ్మలు చూసి, "నువ్వే సదువు అణ్ణా, నేను ఇంటా" అన్నడు. ఒక పేజీ చదివి వినిపించిన, ఒడ్డు మీద కూసోని.

వాళ్ళ పని తీరు ఇట్ల. పిల్లలు నీళ్ళలోకి దిగొద్దు, అది మొదటి రూలు. ఒడ్డు మీద చెత్త ఏరుడు, చెట్లకు నీళ్ళు పోసుడు, నీళ్ళు కొలుసుడు పిల్లల పని. గుర్రపుడెక్క గుంజుడు, సర్కారు తుమ్మ కొట్టుడు పెద్దల పని. ఆ తుమ్మను తమిళంలో సీమై కరువేలం అంటరు. మా మరాఠీలో వేడీ బాభూళ్, పిచ్చి తుమ్మ అని. మూడు రాష్ట్రాల్లో మూడు పేర్లు పెట్టుకున్నది గాని ముల్లు ఒక్కటే. నా చెప్పులోంచి గుచ్చుకొని రెండు రోజులు కుంటిన.

చెత్త అంటే మీరు ప్లాస్టిక్ సంచులు అనుకుంటరు. అవి ఉన్నయి. కానీ ఒడ్డు మట్టి పారతో ఒక జానెడు తవ్వితే బనియన్ ముక్కలు. పొర మీద పొర. ఎర్రవి, తెల్లవి, గీతలవి. కటింగ్‌లో మిగిలిన ముక్కలు, ఎలాస్టిక్ పట్టీలు, నూలు కోన్ల గొట్టాలు. నేను ఒక ముక్క దులిపి చూసిన. ఎన్నేండ్లు మట్టిలో ఉన్నదో, రంగు అట్లనే ఉన్నది. పక్కా రంగు. మేము పక్కా రంగు అని గ్యారంటీ ఇచ్చి అమ్మేటోళ్ళం కదా.

నీళ్ళు కొలిచేది ఒక చిన్న మీటరు. పెన్ను అంత ఉంటది, నీళ్ళలో ముంచితే అంకె చూపిస్తది. నీళ్ళలో కరిగి ఉన్న ఉప్పులు ఎన్నో చెప్తది. తాగే నీళ్ళకు 500 లోపల ఉంటే మంచిది, వేరే దిక్కు లేకుంటే 2,000 దాకా అని సర్కారు లెక్క. పిల్లలు తాడు కట్టిన బకెట్టు వేసి నీళ్ళు తోడి, ముంచి, నోటుబుక్కులో రాస్తరు. తారీకు, చోటు, అంకె, వాసన, రంగు, ఏ పిట్టలు కనిపించినయి. ఆ రోజు 1,640 వచ్చింది. ఒక పిల్లగాడు అడిగిండు, "తాతా, నీళ్ళు మామూలుగనే ఉన్నయి గదా, రంగు లేదు. మరి అంకె ఎందుకు ఇంత?" మనుమరాలు తెలుగు చేసి చెప్పింది.

అప్పుడు నాకు హుషారొచ్చింది. ముప్పై నాలుగేండ్లలో నన్ను ఎవరూ అడగని ప్రశ్న అది. ఒక లీటరు సీసాలో మంచినీళ్ళు పట్టమన్న. మీటరు 180 చూపించింది. పక్కన చాయ్ దుకాణంలో చిటికెడు ఉప్పు తెప్పించి వేసి కలిపిన. 1,150 అయింది. పిల్లలు నోరు తెరిచిండ్రు. ఇంకో చిటికెడు వేయమన్నరు. నీళ్ళు చూస్తే అట్లనే తేటగా ఉన్నయి.

మళ్ళ చెప్పిన. పత్తి బట్టకు రంగు పట్టాలంటే ఉప్పు కావాలె. ముదురు రంగుకు లీటరు నీళ్ళకు అరవై, ఎనభై గ్రాములు వేసేటోళ్ళం. మీ చిటికెడు ఒక గ్రాము. రంగులో ఎక్కువ పాలు నూలుకు పడతది, పదిలో రెండో మూడో పాళ్ళు నీళ్ళలో పోతది. ఉప్పు మాత్రం ఒక్క గింజ బట్టలో ఉండదు. వేసిందంతా బయటికే. రంగు కనిపిస్తది కాబట్టి లోకం రంగును తిడతది. చెట్టును ఎండగొట్టేది, బాయిని పాడుచేసేది ఉప్పు. రంగుకు ఎండ తగిలితే ఎప్పుడో పోతది, ఉప్పు యాడికి పోతది?

ఆ ఉప్పు యాడికి పోయిందో చూడాలని నాకే అనిపించింది. ఒక బుధవారం బస్సులో చెన్నిమలై పోయిన. అక్కడ కొండ మీద మురుగన్ గుడి, కింద చేమగ్గాలు. దుప్పట్లకు పేరుపోయిన ఊరు. మా సోలాపూర్ చాదర్‌కు పోటీ అనుకొని ఒకటి కొని అంచు తిప్పి తిప్పి చూసిన. బాగనే నేస్తరు, ఒప్పుకోవాలె. ఆ దిక్కునే నొయ్యల్ మీద ఒరత్తుపాళయం డ్యాం ఉన్నది. 1992లో కట్టిండ్రు, వేల ఎకరాలకు నీళ్ళిద్దామని. కట్టినంక తిరుప్పూరు రంగునీళ్ళన్నీ దాంట్లో నిలిచినయి. డ్యాం నింపమని కొట్లాడాల్సిన రైతులే, గేట్లు తెరవొద్దు, ఆ నీళ్ళు మాకొద్దు అని కొట్లాడిండ్రు. చుట్టు బావులు ఉప్పుపడ్డయి. నేను పోయిన రోజు నీళ్ళు కొద్దిగనే ఉన్నయి. గట్టు మీద ఒక ముసలాయన మేకలు మేపుతున్నడు. భాష రాదు, సైగలతో అడిగిన. ఆయన వంగి ఇంత మట్టి తీసి, నాలిక మీద పెట్టుకున్నట్టు చేసి, ఉమ్మేసి చూపించిండు. నన్ను ఎవరని అడగలేదు. రంగు పని చేసినోణ్ణని చెప్పే భాష నాకు రానందుకు ఆ ఒక్కరోజు సంతోషించిన.

క్రిస్మస్ అయినంక ఒక శనివారం రాత్రి గట్టి వాన. తెల్లారి ఆదివారం. నది బరువుగా పారుతున్నది. పిల్లలు బకెట్టు వేసిండ్రు. 2,870. మనుమరాలు మీటరు తుడిచి మళ్ళీ ముంచింది. అంతే. "తాతా, వాన పడితే నీళ్ళు పలచబడి అంకె తగ్గాలె గదా?"

పిల్లలందరూ నా దిక్కు చూసిండ్రు. ఉప్పు పాఠం చెప్పినంక నేను మాస్టరునైపోయిన. నాకు జవాబు తెలుసు. బట్టలో రంగు గుర్తుపట్టినంత సులువుగ తెలుసు. చెప్పకుంటే ఎవరికీ తెల్వకపోవు. కటింగ్ మాస్టరాయన కూడా చూస్తున్నడు.

చెప్పిన. మా కార్ఖానా వెనక ఒక హౌదు ఉండేది. మురికినీళ్ళు దాంట్లో నిలవాలె, శుభ్రం చేసి వదలాలె అని కాయిదం మీద. వానకాలం రాత్రి గట్టి వాన మొదలైతే సేఠ్ నుంచి కబురు వచ్చేది. నేనో, నా జోడీదారో పోయి చెక్క పలక లేపేటోళ్ళం. వాన నీళ్ళతో కలిసి నాలాలోకి పోయేది. పొద్దటికి హౌదు ఖాళీ, నాలా కూడా ఖాళీ, ఎవరికీ ఏమీ కనిపించదు. ఆ రాత్రి చాయ్‌కు పది రూపాయలు ఎక్కువ ఇచ్చేటోళ్ళు. ఎన్నిసార్లు లేపిన్నో లెక్క లేదు. "ఇక్కడ కూడా ఎవడో నా అసుంటోడు రాత్రి పలక లేపిండు" అన్న. మనుమరాలు కొంచెం సేపు తమిళం చెయ్యలేదు. తర్వాత చేసింది. ఒక చిన్న పిల్ల అడిగింది, "మీరు వద్దంటే?" వద్దంటే పగార్ పోతుండె బిడ్డా అన్న. ఆ పిల్ల సరేనన్నట్టు తలూపింది. మా కంటే వాళ్ళకే తొందరగ అర్థమైతయి ఇట్లాంటివి, వాళ్ళ ఇండ్లల్ల కూడా పగార్లే కదా.

అసలు లొల్లి ఇంట్లో అయింది. మధ్యాహ్నం అల్లుడు లేచి నోటుబుక్కు చూసిండు. యూనిట్లు మళ్ళీ తెరిచినంక ఆయన రంగు మానేసి, పది యూనిట్ల నీళ్ళు ఒక్క చోట శుభ్రం చేసే ప్లాంటులో ఆపరేటరుగా చేస్తున్నడు.

"ఇది ఎవరన్న ఫొటో తీసి పెడితే? మళ్ళ తాళాలు పడితే? 2011ల ఏమైందో నీకు తెల్సా?" అని పిల్ల మీద గట్టిగ అన్నడు.

"నేను మీ ప్లాంటు అని రాసిన్నా నాయినా? నీళ్ళ అంకె రాసిన."

"అంకె చాలు వాళ్ళకు."

నేను నోరు తెరిచేలోపల నా మీదికి వచ్చిండు. "మామా, మీరు పింఛను తీసుకుంటున్నరు. మీరు ఒప్పుకుంటే మీకు పోయేదేం లేదు." అది నిజమే. ఏం అనాలె? మా బిడ్డ లోపలి నుంచి వచ్చి పళ్ళేలు పెట్టింది. "ముందు తినుండ్రి, సల్లారుతున్నది" అన్నది. తిన్నం. ఎవరం మాట్లాడలేదు. రెండు రోజులు ఇల్లు అట్లనే ఉన్నది.

మూడో రోజు అల్లుడికి సెలవు. రాత్రి అన్నం తిన్నంక నోటుబుక్కు తెమ్మన్నడు. చింపుతడేమో అని నేను భయపడ్డ. పేజీలు తిప్పి, "ఇట్ల రాస్తే ఎవడు నమ్ముతడు?" అన్నడు. "ఒకసారి ముంచితే లెక్క కాదు. మూడుసార్లు ముంచి నడుమది రాయాలె. ముందు మంచినీళ్ళతోని కడగాలె మీటరు. టైము రాయలే. వాన పడ్డదా లేదా రాయలే." పాత క్యాలెండరు కాయిదం వెనక పెన్సిల్‌తో ప్లాంటు బొమ్మ వేసిండు. మురికినీళ్ళు ముందు గాలి ఊదే తొట్టిలోకి, అక్కడ సూక్ష్మజీవులు సగం మురికి తింటయి. తర్వాత రంగు తీసుడు. తర్వాత సన్నని పొరల గుండా గట్టిగ నెట్టుడు, దాన్ని ఆర్‌ఓ అంటరు, మన ఇండ్లల్ల ఉండే ఫిల్టరుకు తాత అసుంటిది. నీళ్ళలో ఎక్కువ పాలు తేటగా మళ్ళీ రంగు యూనిట్లకే పోతయి. మిగిలింది చిక్కటి ఉప్పునీళ్ళు. దాన్ని కూడా శుభ్రం చేసి కొంత మళ్ళీ రంగు తొట్టికే పంపుతరు, మిగతాది ఆవిరి పట్టి ఉప్పు తీస్తరు. పనికిరాని ఉప్పు బస్తాలు షెడ్డులో పెట్టి తాళం వేస్తరు. వాటిని ఏం చెయ్యాలో ఇంకా ఎవరికీ తోచలేదట. "ఒక్క చుక్క బయటికి పోదు మామా మా దాంట్లో. కరెంటు ఖర్చుకు యజమానులు ఏడుస్తరు. ఏడ్చినా నడుపుతరు" అన్నడు. ఆ మాటలో 2010లో వంతెన మీద నాకు వచ్చినట్టి గర్వమే వినిపించింది. ఈసారి నాకు నవ్వు రాలేదు, మంచిగనిపించింది.

లైసెన్సు లేకుండ చాటుమాటుగ రంగేసేటోళ్ళు అక్కడక్కడ ఉన్నరని, వాళ్ళు చేసే పనికి అందరికీ చెడ్డపేరని ఆయనే అన్నడు. పెన్సిలు ఆపి, "పై వంతెన కాడ ఒకటి, కింది వంతెన కాడ ఒకటి తీయుండ్రి, ఒక్కటే టైముకు. రెండు అంకెల నడుమ తేడా ఉంటే ఆ నడుమనే ఎక్కడో కలుస్తున్నట్టు" అన్నడు. అని చుట్టూ చూసి, "నా పేరు చెప్పొద్దు" అన్నడు. ఇక్కడ కూడా నేను ఆయన పేరు రాయలేదు చూడండి.

తర్వాత మూడు ఆదివారాలు పిల్లలు రెండు గుంపులై రెండు వంతెనల దగ్గర కొలిచిండ్రు. మందుల షాపాయన ఆ అంకెలు పట్టీ వేసి అర్జీ రాసిండు, కాలుష్య నియంత్రణ మండలి ఆఫీసులో ఇచ్చిండ్రు. నేను బయలుదేరే వారం ఒక అధికారి వచ్చి సీసాల్లో నీళ్ళు పట్టుకొని పోయిండు.

నడుమ ఒక రోజు బడివాళ్ళు పిల్లలను నంజరాయన్ చెరువుకు తీసుకపోయిండ్రు. ముసలివాళ్ళం ఇద్దరం కూడా బస్సెక్కినం. తిరుప్పూరుకు ఉత్తరాన, మూడు వందల ఎకరాల పైన చెరువు. నల్లారు అనే వాగు నీళ్ళు దానికి వస్తయి. తిరుప్పూరు ప్రకృతి సంఘంవాళ్ళు ఏండ్ల తరబడి అక్కడ పిట్టలను లెక్కపెట్టి, రాసి, అడిగి అడిగి దాన్ని కాపాడుకున్నరు. 2022లో పక్షుల అభయారణ్యం అయింది, 2024 ఆగస్టులో రామ్‌సర్ జాబితాలో చేరింది. అంటే లోకంలో పేరున్న చెరువుల వరుసలో నిలబడ్డది. రంగు ఊరి పక్కన! హిమాలయాలు దాటి వచ్చే పట్టెతల బాతులను పిల్లలు దుర్బీనులో చూపించిండ్రు. తల మీద రెండు నల్ల పట్టీలు, అచ్చం మా టవాలు అంచులెక్క. కటింగ్ మాస్టరాయన ముప్పై ఏండ్లు ఆ ఊర్లో ఉండి, రిటైరైనంకనే ఆ చెరువు చూసిండట. "పనిలో ఉన్నప్పుడు ఆదివారం నిద్ర పోయేదానికే సాలదు అణ్ణా" అన్నడు. మా గిరణి రోజులు గుర్తొచ్చినయి.

కోయంబత్తూరు దిక్కు కూడా ఒక్క పూట పోయినం, పేరూరు గుడికి. అక్కడ నది ఒడ్డున నీళ్ళు కొలిస్తే 200 లోపల. అదే నది, అదే మీటరు. మనుమరాలు మూడుసార్లు ముంచింది, నాయిన చెప్పినట్టే. ఆ ఊర్లో కూడా వాలంటీర్లు ఉన్నరు. 2003లో మొదలైన సిరుతుళి అనే సంస్థ, అంటే చిన్న చినుకు అని, చెరువులు బాగుచేస్తది. 2017 నుంచి చెరువుల రక్షణ సంఘం ఒకటి ప్రతి ఆదివారం పార, తట్ట పట్టుకొని దిగుతది. చదువుకున్నోళ్ళు, చదువుకోనోళ్ళు ఒకే వరుసలో నిలబడి తట్టలు అందిస్తరని మా కటింగ్ మాస్టరు చెప్పిండు.

వచ్చే రోజు అల్లుడే స్టేషన్‌కు తీసుకొచ్చిండు. వంతెన మీద తనంతట తనే బండి ఆపిండు. ఇద్దరం కిందికి చూసినం. నీళ్ళు బూడిద రంగులో ఉన్నయి, మామూలు ఊరి మురికి. ఆ కాల్వలో ఏ రంగూ లేదు. "చూస్తే ఏం తెలుస్తది మామా" అన్నడు, మళ్ళ బండి తీసిండు. బండి ఎక్కినంక మనుమరాలు కిటికీలోంచి ఒక పొట్లం ఇచ్చింది. ఈరోడు దాటినంక విప్పి చూస్తే మీటరు. వాళ్ళకు ఇంకోటి ఉన్నది, ఇది పాతది, బటన్ కొంచెం గట్టిగ నొక్కాలె.

మా గల్లీ వెనక నాలా నేను పలక లేపిన నాలానే. మొన్న ఆదివారం మా గల్లీ పిల్లలు నలుగురు వచ్చిండ్రు, ఒక బకెట్టు, ఒక తాడు తెచ్చిండ్రు. మీటరు ఎవరు ముంచాలె అని కొట్లాడుకున్నరు. మూడుసార్లు ముంచినం. నడుమది 2,310. ఫోన్ చేసి చెప్పిన. "టైము రాసినవా తాతా?" అన్నది. రాయలేదు. వచ్చే ఆదివారం రాస్త.